వెలుగు చాలని గది

స్టూడియో,
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

చిన్నోడు రాస్తున్నాను. నా చేతిరాత చూస్తే కవరు విప్పకుండానే పారేస్తావని, అడ్రసు మీ మరదలి చేత రాయించాను. ఇంతదాకా చదివావంటే ఎత్తు పారినట్టే.

నీకు ఫోను లేదు. ఉన్నా సరిగ్గా వినపడదు. వినపడినా నా గొంతని తెలియగానే పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

విషయం అక్క గురించి. కంగారు పడకు, మనిషి బాగానే ఉంది. కంటికి ఆపరేషన్ చేశారని మేనల్లుడు నీకు రాసే ఉంటాడు. ఇప్పుడు అక్కకి ఒక కోరిక పుట్టింది. ఇంటిల్లిపాదీ కలిసి గ్రూపు ఫోటో దిగాలట. అదీ తన గదిలోనే. వరండాలోకి రమ్మంటే ఎండ తగలకూడదంటుంది. ఫ్లాష్ వేస్తానంటే డాక్టరు వద్దన్నాడంటుంది. ఆ గది నీకు తెలుసుగా, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పైన ఒక ట్యూబులైటు, మంచం పక్కన గోడకి ఒక పసుపు బల్బు. ఆ వెలుగులో పద్నాలుగు మంది.

నేను ఫ్లాష్ మనిషిని. టక్కున వెలిగించడం, చిటుక్కున నొక్కడం, తరవాతి వాళ్ళని పిలవడం. నాకు వచ్చిన విద్య అంతే. నిన్న కెమెరా పట్టుకెళ్ళి ఒకటి తీసి చూశాను. ట్యూబులైటు కిందవాళ్ళు పాచిపట్టినట్టు వచ్చారు. బల్బు దగ్గరవాళ్ళు కామెర్లు తగిలినట్టు వచ్చారు. మధ్యలో కూర్చున్న మీ మరదలు సగం పాచి, సగం కామెర్లు. చూసిన దగ్గర్నుంచి నాతో మాట్లాడటం లేదు. వెనక వరస అంతా మసక. బావ కదిలి రెండు తలలతో వచ్చాడు.

చీకటి గదుల్లో మనుషుల్ని తియ్యడంలో నీ తరవాతే ఎవరైనా. ఈ మాట నీ ఎదురుగా ఏనాడూ అనలేదు. కాగితం మీద కాబట్టి అంటున్నాను. ఎలా తియ్యాలో రాయి. నువ్వే వచ్చి తీస్తే మరీ మంచిది. అక్క తన కుడిపక్క కుర్చీ నీకని అట్టే పెట్టింది. అందులో ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు.

ఇట్లు,
చిన్నోడు


బైండింగు షాపు మీద గది,
గురువారం

చిన్నోడికి,

అడ్రసు మరదలి చేతిరాతలో ఉందని విప్పాను. లోపల నువ్వున్నావు. సగం చదివినదాన్ని వదిలిపెట్టే అలవాటు నాకు లేదు కాబట్టి చివరిదాకా చదివాను. చెడ్డ నవలలన్నీ అలాగే చదివాను. దానివల్ల జీవితంలో చాలా కాలం వృథా అయింది.

నేను రాను. ఎందుకు రానో నీకు తెలుసు, దానికి కాగితం దండగ. అడిగింది అక్క కాబట్టి పద్ధతి రాస్తున్నాను.

ముందు ఆ రెండు దీపాల్లో ఒకదాన్ని ఆర్పు. రెండు రకాల వెలుగు ఒకే మొహం మీద పడితే అది ఇద్దరు పెళ్ళాల మొగుడి మొహంలా ఎటూ కాకుండా పోతుంది. ఆర్పాల్సింది ట్యూబులైటు. అది నడినెత్తి మీద నుంచి పడుతుంది. కళ్ళు గుంటలవుతాయి, మీసం లేనివాళ్ళకి కూడా ముక్కు కింద మీసం వస్తుంది. ఆ పసుపు బల్బులాంటివే ఇంకో నాలుగు తెచ్చి, వాటిని మనుషుల వైపు కాకుండా గోడల వైపు తిప్పు. గోడలకి తెల్ల దుప్పట్లు కట్టు. వెలుగు ముందు దుప్పటికి తగిలి, మెత్తబడి, ఆ తరవాత మనుషుల మీదికి రావాలి. తిట్టు కూడా అంతే. నేరుగా తిడితే మనిషి మొహం ముడుచుకుంటాడు. మూడో మనిషి ద్వారా చేరవేస్తే నిదానంగా ఇంకుతుంది.

బెంచీ వేసినట్టు తిన్నటి వరసలు పెట్టకు. కొడవలి వంపులో కూర్చోబెట్టు. ప్రతి ముక్కూ లెన్సుకి ఒకే దూరంలో ఉండాలి. వెనక నిలబడ్డవాళ్ళు ముందువాళ్ళ భుజాల మీదికి వంగాలి. వెలుగు చాలడం లేదని కెమెరా మీటలు తిప్పి దాని చూపు పెంచుదామనుకుంటావు, నీ బుద్ధి నాకు తెలుసు. పెంచకు. బొమ్మంతా ఇసుక చల్లినట్టవుతుంది. స్టాండు మీద పెట్టి రెండు సెకన్లు తెరిచి ఉంచు. ఆ రెండు సెకన్లూ పద్నాలుగు మంది కదలకుండా ఉండాలి. అసలు పని అదే. మిగతాదంతా మేకులు కొట్టడం, దుప్పట్లు కట్టడం.

కదలకుండా ఉంచడానికి ఒక కిటుకుంది. అందర్నీ కళ్ళు మూసుకోమను. ఊపిరి వదలమను. తెరవండి అని, ఒక్క క్షణం ఆగి నొక్కు. అప్పుడే తెరిచిన కన్ను వెంటనే రెప్ప వెయ్యదు. ఇంకోటి, పక్కవాళ్ళని ఆనుకుని ఉండమను. ఒంటరిగా నిలబడ్డవాడు ఊగుతాడు, ఒకరినొకరు ఆనుకున్నవాళ్ళు ఊగరు. ఇది ఫోటోలకి మాత్రమే వర్తిస్తుంది. మన కుటుంబానికి వర్తింపజేసి నాకు నీతులు రాయకు.

ఎవరెవరు నీ ఫోటో పాడుచేస్తారో కూడా ముందే చెబుతాను. మొదటివాడు బావ. ఆ నోటికి తాళం లేదు. అక్కని చేసుకున్న రోజు నుంచీ నేను చూస్తున్నాను, ఎదుటివాడు ఉన్నా లేకపోయినా మాట్లాడతాడు, ఈ మధ్య మరీ ఎక్కువైందని మేనల్లుడే రాశాడు. రెండోవాడు ఆ మేనల్లుడు. బ్యాంకు మేనేజరయ్యాక వాడి మెడ, కింద కూర్చున్నవాళ్ళ వైపు వంగడం మానేసింది. మూడోవాడు లాయరు, మన పెదనాన్న కొడుకు. ఏ ఫోటోలోనైనా పక్కవాడి కంటే ఒక అంగుళం ముందుకు జరుగుతాడు. నాన్న పోయిన రోజున కూడా జరిగాడు. వాణ్ణి చివర నిలబెట్టు.

ఆ కుడిపక్క కుర్చీ తీసెయ్. ఫోటోలో ఖాళీ కుర్చీ ఉంటే అందరి చూపూ దాని మీదికే పోతుంది.

అన్నయ్య


స్టూడియో,
ఆదివారం

అన్నయ్యకి,

నీ ఉత్తరాన్ని స్టూడియో గోడకి అంటించాను, తిట్లున్న చోట మడిచి. మడతలే ఎక్కువయ్యాయి.

చెప్పినట్టే చేశాను. నాలుగు బల్బులు, దుప్పట్లు, కొడవలి వంపు. దుప్పట్లు కడుతుంటే అక్క కోడలు గుమ్మంలో నిలబడి అంది, "మావయ్యా, ఇంట్లో దుప్పట్లన్నీ గోడకే కప్పారు. మేం రాత్రికి గోడ పక్కన పడుకోవాలా ఏంటి?"

అందర్నీ కూర్చోబెట్టి, రెండు సెకన్లు కదలకూడదన్నాను.

"రెండు సెకన్లంటే ఎంతసేపురా?" అన్నాడు బావ.

"మీరు ఆ మాట అడిగినంతసేపు."

"అయితే అయిపోయిందా?"

"బావగారూ, మీరు నోరు మూస్తే మొదలవుతుంది," అన్నాడు లాయరు.

"నోరు మూస్తే ఫోటోలో నన్ను ఎవరు గుర్తుపడతార్రా? ఎవరో పెద్దమనిషి అనుకుంటారు."

అందరూ నవ్వారు. నవ్వుతున్నప్పుడు నొక్కాను. అది మొదటిది. తరవాత ఇంకో రెండు తీశాను. మూడూ పంపుతున్నాను. రంగు కుదిరింది. నాతో మాట్లాడటం లేదన్నానే, మీ మరదలు తన మొహం చూసుకుని సరేలే అంది. అంటే రాజీ కుదిరినట్టు. ఇంకా ఏం తప్పులున్నాయో నువ్వే చెప్పాలి. చెప్పకుండా ఉండలేవని నాకు తెలుసు.

కుర్చీ మాత్రం తియ్యలేకపోయాను. పక్కకి లాగబోతే అక్క దాని చెయ్యి పట్టుకుని వదల్లేదు. "పెద్దోడు కూర్చునేది దీంట్లోనే," అంది. ఖాళీ కుర్చీ ఉంటే ఫోటో పాడవుతుందని నువ్వే అన్నావు. నువ్వు రాకపోతే పాత ఫోటోల్లో ఒకదాంట్లోంచి నిన్ను తెచ్చి అందులో కూర్చోబెట్టేస్తాను. ఇప్పుడు కత్తెర కూడా అక్కర్లేదు, కంప్యూటర్లో అతుకు కనపడదు. అక్క ఏమీ అనదులే.

రారాదూ?

చిన్నోడు


బైండింగు షాపు మీద గది,
బుధవారం

చిన్నోడికి,

ఆ పని చేశావంటే, నువ్వూ నేనూ ఒక తల్లి కడుపున పుట్టామన్న మాట కూడా ఇక ఎక్కడా అనను.

ఇన్నేళ్ళూ నేనెందుకు రావడం లేదో నీకు తెలుసనుకున్నాను. తెలిసే, సిగ్గుపడి నోరెత్తడం లేదనుకున్నాను. తెలియదని నీ ఉత్తరంతో తెలిసింది. అయితే కాగితం ఖర్చుపెట్టక తప్పదు.

మేనల్లుడికి ఉద్యోగం వచ్చిందని అందరం మన స్టూడియోలో ఫోటో దిగాం. మీ వదిన పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. నవ్వమని ఎవరూ అడగలేదు. నొక్కింది నువ్వే. కొన్నాళ్ళకి అక్క ఇంటికి వెళితే గోడ మీద ఆ ఫోటో ఉంది. అందులో నేను పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాను.

నడివయసు మెడ మీద పాతికేళ్ళ తల. జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. అందరికీ వెలుగు ఎడమ నుంచి పడి ముక్కు నీడ కుడిపక్కకి ఉంటే, నాకొక్కడికే ఎడమపక్కకి ఉంది. పదిమందికి ఒక సూర్యుడు, నాకు వేరే సూర్యుడు. కాలరు దగ్గర అతుకు కనపడకుండా బూడిదరంగు పూశావు. పని బాగానే చేశావు, నేర్పింది నేనేగా. ఆ తలని ఎక్కణ్ణుంచి తెచ్చావో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. నాకు తెలుసు. అది నా పెళ్ళి ఫోటోలోది.

దగ్గరికి వెళ్ళి చూశాను. నా చెవి పక్కన నల్లటి మచ్చ ఒకటి ఉంది. చూసినవాళ్ళు నీడ అనుకుంటారు. అది నీడ కాదు, మీ వదిన జుట్టు. ఆ రోజు నా పక్కనే, నా చెవికి ఆనుకుని కూర్చుంది. నీ కత్తెర ఆమెని అంతవరకు తీసుకొచ్చి, మిగతాది వదిలేసింది.

నువ్వు నా భుజం తట్టి ఏమన్నావో గుర్తుందా? "భలే ఉన్నావన్నయ్యా, పదిహేనేళ్ళు తగ్గావు," అన్నావు. ఆ సాయంత్రమే తాళంచెవులు నీ బల్ల మీద పడేసి వచ్చేశాను. మనిషి ఏడుపు మనిషిది. దాన్ని నచ్చలేదని ఊడబీకి ఇంకోటి అతికించే హక్కు సొంత తమ్ముడికి కూడా లేదు. పుస్తకాల్లో రాజులు గిట్టనివాళ్ళ తలలు తీయించేవారు. తీసినచోట నవ్వుతున్న తల పెట్టిన రాజు గురించి నేనింతవరకు చదవలేదు.

నీ ఫోటోల సంగతి. మొదటిది పనికిరాదు, అందరి గడ్డాలూ రెండేసి ఉన్నాయి. రెండోదాంట్లో ఎడమ చివర దుప్పటి ముడతలు పడింది. మూడోది కొంత నయం. లాయరు మూడింటిలోనూ జరిగాడు.

కుర్చీలో ఎవర్నైనా కూర్చోబెట్టు, పిల్లిని కూర్చోబెట్టు. నన్ను మాత్రం ముట్టుకోకు.

అన్నయ్య


బైండింగు షాపు మీద గది,
గురువారం పొద్దున

చిన్నోడికి,

నిన్నటి ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి, నీ ఫోటోలు మళ్ళీ బల్ల మీద పరిచాను. ఇంకా తప్పులు వెతుకుదామనే.

మొదటి ఫోటోలో అక్క బావ నోటి వైపు చూస్తోంది. ఆయన మాట్లాడుతున్నాడు కాబట్టి అనుకున్నాను. రెండోదాంట్లో కెమెరాకి పక్కగా, జానెడు ఎడంగా చూస్తోంది. అక్కడ నిలబడి తెరవండి అన్నది నువ్వే అయి ఉంటావు. మూడోదాంట్లో ఎవరి నోరూ కదలడం లేదు. అందులో అక్క మొహం పైకెత్తి ఉంది, తిన్నగా మంచం పక్కనున్న ఆ పసుపు బల్బుకేసి. బల్బుని అంత దగ్గర నుంచి చూస్తే ఎవరి కళ్ళైనా చికిలిస్తాయి. అక్క కళ్ళు విప్పారి ఉన్నాయి.

నేను బతుకంతా కళ్ళల్లో చూసి బతికినవాణ్ణి. మూడు ఫోటోల్లో ఒక్కసారి కూడా అక్క లెన్సుని చూడలేదు.

అక్కకి కనిపిస్తోందా?

నిన్న రాసినదాంట్లో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. అది వేరు. ఇది అడుగుతున్నది నీ అన్నయ్య కాదు, అక్క తమ్ముడు.


అక్క గది,
ఆదివారం

అన్నయ్యకి,

కనిపించదు.

ఒక కన్ను ఎప్పుడో పోయిందని నీకు తెలుసు. రెండోదానికి చేసిన ఆపరేషన్ ఫలించలేదు. దీపం ఉందా లేదా అన్నది తెలుస్తుందేమో, అంతకు మించి లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే మేనల్లుడు తనని మంచం దిగనివ్వడని, ఒక మనిషిని కాపలా పెడతాడని భయం. ఏ గుమ్మం ఎక్కడుందో, ఏ గిన్నె ఎక్కడుందో అన్నీ చేతికి తెలుసు కాబట్టి ఇంతవరకు నెట్టుకొచ్చింది. నాకు ఒక రోజు దొరికిపోయింది. తిరగేసి పట్టుకున్న పేపరు చదువుతోంది. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. నీకు రాయడానికి ఇవాళ ఒట్టు సడలించింది.

బావకి తెలుసని నాకు అనుమానం. ఈ మధ్య ఆయన నోరు ఆగడం లేదన్నావుగా. నేను గమనించాను. అక్క నడుస్తుంటే తను ముందు నడుస్తూ మాట్లాడతాడు. మెట్టు దగ్గర గొంతు పెంచుతాడు. గదిలోకి రాగానే ఏదో ఒకటి అంటాడు. ఆమె ఆ గొంతు పట్టుకుని నడుస్తుంది. ఇద్దరూ దాని గురించి ఒకళ్ళతో ఒకళ్ళు ఒక్క ముక్క అనుకోరు.

నీ రెండు ఉత్తరాలూ అక్కకి చదివి వినిపించాను. ఆ తల సంగతి చదువుతుంటే, "ఆపకు, మొత్తం చదువు," అంది. అయిపోయాక, "కాగితం తియ్యి, నే చెప్పింది చెప్పినట్టు రాయి," అంది. ఇక్కణ్ణుంచి మాటలు అక్కవి.

ఒరేయ్ పెద్దోడా, వీడు కలిపినా తీసేసినా నాకు కనపడదు. అందుకని రాసింది మళ్ళీ చదివించుకుని వింటున్నాను. ఆ తల మార్చమన్నది నేనురా. వీడు వద్దన్నాడు. అన్నయ్య చంపేస్తాడక్కా అన్నాడు. నేనే పెళ్ళి ఫోటో తీసిచ్చి, ఇందులోంచి తియ్యమన్నాను. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా గోడ మీద నీ మొహం. ఆ మొహం చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. నా తమ్ముడు నవ్వుతుండగా చూడాలనిపించింది, చేయించాను. క్షమించమని అడుగుతాననుకోకు, నీకన్నా ముందు పుట్టినదాన్ని. ఆ జుట్టు సంగతి మాత్రం నాకు తెలీదు. తెలిస్తే రోజూ ఆ పిల్లని కూడా పలకరించేదాన్ని.

నువ్వు వీడి మీద అలిగి పోయాక నీకు చెప్పేస్తానన్నాను. వీడే వద్దన్నాడు. "అన్నయ్యకి నామీద కోపమైతే నీ దగ్గరికైనా వస్తాడు, నీ మీద కూడా వస్తే ఇంకెక్కడికి పోతాడక్కా" అన్నాడు. నువ్వు నా దగ్గరికీ రాలేదనుకో. వీడి తెలివితేటలు ఎప్పుడూ అంతే.

ఫ్లాష్ సంగతి. డాక్టరు వద్దనలేదు. ఎండ సంగతీ అంతే. నేనే కల్పించాను. ఫ్లాష్ అయితే చిటుక్కుమని అయిపోతుంది, ఎవడి దారిన వాడు లేచిపోతాడు. మసక గదిలో అయితే చాలాసేపు పడుతుందని, అందరూ ఒకర్నొకరు ఆనుకుని ఊపిరి బిగబట్టి కూర్చోవాలని నువ్వు స్టూడియో పెట్టిన కొత్తలో చెప్పేవాడివి. ఫోటో నేనేం చేసుకుంటానురా? నాకు ఆ కూర్చోవడం కావాలి. గుడ్డికంటే మెల్ల నయమంటారు, నాకు ఆ మెల్ల కూడా మిగల్లేదు. పక్కన ఎవరున్నారో ఒంటికి తెలియాలి.

నీ మొహం ఎలా ఉన్నా ఇప్పుడు నాకేం ఇబ్బంది లేదు. ఏడుపు మొహమే తెచ్చుకో. తెచ్చి ఈ కుర్చీలో కూర్చో.

అక్క మాటలు అయిపోయాయి.

చిన్నోడు


బైండింగు షాపు మీద గది,
శుక్రవారం

చిన్నోడికి,

వచ్చే శనివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. స్టేషనుకి ఎవరూ రావద్దు.

అక్క మీద కోపం వస్తుందేమోనని రెండు రోజులు కూర్చుని చూశాను. రాలేదు. నీ మీద ఉన్నది పోవాలి కదా, అదీ పోలేదు. అలవాటైపోయింది. ఇన్నేళ్ళలో నిన్ను తిట్టడానికి చాలా మంచి మాటలు కూడబెట్టాను. ఇప్పుడవి ఎవరికి వాడాలో తెలియడం లేదు. లాయరుకి కొన్ని సరిపోతాయి.

నువ్వు నోరు మూసుకుని నా తిట్లు మోశావని అక్క చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. మోయమని నిన్నెవరు అడిగారు? సరే, అది తీరిగ్గా మాట్లాడుకుందాం.

నాలుగు బల్బుల్లో రెండు తీసెయ్. ఇప్పుడున్న వెలుగు ఎక్కువ. రెండు సెకన్లు కాదు, అయిదు సెకన్లు ఇద్దాం.

అన్నయ్య


స్టూడియో,
బుధవారం

అన్నయ్యకి,

ఫోటో ఇందులో పెట్టాను. నేను దేన్నీ దిద్దలేదు.

నువ్వు ఆదివారం తెల్లారగానే వెళ్ళిపోయావు కాబట్టి తరవాత జరిగింది నీకు తెలీదు. నీకు తెలిసినదాంట్లో కూడా నీ వెనక జరిగింది కొంత ఉంది, అది నేను రాయాలి.

నువ్వు వచ్చి పలకరింపులు కూడా లేకుండా, "ఈ దుప్పటి కట్టినవాడెవడు?" అనడంతో అందరికీ భయం పోయింది. వచ్చినవాడు నువ్వేనని నమ్మకం కుదిరింది. బావ అయితే, "వీడు మారలేదే, మారతాడేమోనని హడలి చచ్చాను," అన్నాడు. నువ్వు ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని తిప్పుతుంటే మేనేజరు కూడా కిక్కురుమనలేదు. మీట దానంతటదే పడేలా గడువు పెట్టి, "కళ్ళు మూసుకోండి, ఊపిరి వదలండి," అంటూ వచ్చి అక్క పక్కన కూర్చున్నావు. నేను నీ వెనకే ఉన్నాను. "తెరవండి," అన్నావు.

అప్పుడు అక్క చెయ్యి లేచింది. గాల్లో కొంచెం వెతుక్కుంది. నీ చెవి దగ్గర తగిలింది, చెంప మీదికి వచ్చి ఆగింది. నువ్వు కదల్లేదు. ఆ గదిలో ఎవరూ కదల్లేదు. బావ ఊపిరి కూడా వినపడలేదు. కెమెరా టక్కుమన్నాక కూడా ఎవరూ లేవలేదు. ఫోటో ఎప్పుడో అయిపోయిందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం చెప్పలేదు.

ఆ చెయ్యి వెతుక్కోవడం అందరూ చూశారు. నువ్వు వెళ్ళాక మేనల్లుడు రగడ చేశాడు. "కనపడటం లేదని నాకెందుకు చెప్పలేదమ్మా?" అని. "నువ్వు నా మొహంలోకి చూస్తే అడిగేవాడివే, చూడకపోతే నేనేం చెప్పను?" అంది అక్క. వాడు పెరట్లోకి వెళ్ళిపోయాడు. కాపలా మనిషిని పెట్టే మాట ఇప్పటిదాకా ఎత్తలేదు. నిన్న ఆఫీసు నుంచి రాగానే అక్క మంచం మీద కూర్చుని, పేపరు పైకి చదివాడు. ధరల పట్టికతో సహా చదివాడట. అక్కకి నిద్రొచ్చిందట.

ఫోటో ఎలా ఉందో చెప్పమని అక్క ఒక్కొక్కరినీ అడుగుతోంది. అందరూ బాగుంది, బాగుంది అంటున్నారు. నేను కూడా అన్నాను. "మీరంతా మొహమాటానికి చెబుతార్రా. పెద్దోణ్ణి రాయమను. వాడికి మొహమాటం లేదు," అంది.

రాయి. నేనే చదివి వినిపిస్తాను.

చిన్నోడు


బైండింగు షాపు మీద గది,
ఆదివారం

అక్కయ్యకి,

అడిగావు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. చదివేవాడు మధ్యలో తన పేరు వచ్చినచోట గొంతు మార్చకూడదని ముందే హెచ్చరిస్తున్నాను.

ఫోటో చీకటిగా ఉంది. నేను కావాలనే అలా ఉంచాను. దుప్పట్ల మడతలు కనపడవు, మంచం కనపడదు. పద్నాలుగు మొహాలు, కొన్ని చేతులు, అంతే. రంగు పండిన ఆకు రంగు.

ఎడమ చివర లాయరు. ఇంత చెప్పినా ఒక అంగుళం ముందుకు జరిగాడు. ముక్కులన్నీ లెన్సుకి ఒకే దూరంలో ఉండాలని గీత గీసినట్టు నిలబెట్టాను కదా, గీత దాటినవాడు మసకబడ్డాడు. ఫోటో మొత్తం మీద మసకబడిన మొహం వాడిదొక్కటే. వాడు ఇన్నేళ్ళు కోర్టుల్లో గెలిచినవన్నీ లెన్సు ముందు ఓడిపోయాడు. ఇది వాడికి చదివి వినిపించండి.

వాడి పక్కన పిల్లలు. ఎవరు ఎవరి పిల్లలో నాకు పూర్తిగా తెలీదు, ఒకడికి మన నాన్న చెవులున్నాయి. వాళ్ళ వెనక నీ కోడలు. గోడకి కట్టిన దుప్పట్ల కేసి దిగులుగా చూస్తోంది. మరదలు చాలా బాగా వచ్చింది, పాచీ లేదు, కామెర్లూ లేవు. మేనేజరు లెన్సుని చూడటం లేదు. నిన్ను చూస్తున్నాడు. మెడ బాగానే వంగింది.

నీ ఎడమపక్క బావ. నోరు మూసుకున్న బావని నేను ఇదే చూడటం. ఆయన అన్నట్టు ఎవరో పెద్దమనిషిలా ఉన్నాడు. మాట్లాడటానికి వీల్లేదు కాబట్టి నీ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో చీర మడతల్లో తెలుస్తోంది. ఆయన నోటి గురించి నేను ఇన్నేళ్ళుగా చాలా అన్నాను. ఇకమీద తగ్గిస్తాను. మానేస్తానని చెప్పను.

మధ్యలో నువ్వు. జుట్టు బాగా నెరిసింది. బుగ్గలు లోపలికి పోయాయి. పక్క పన్ను ఊడిందని నాకెవరూ చెప్పలేదు. చాలామంది ఎదురుగా చూస్తుంటే నువ్వు నావైపు తిరిగి ఉన్నావు. గ్రూపు ఫోటోలో అలా తిరిగితే నేనైతే మళ్ళీ తీస్తాను. తియ్యలేదు.

చిన్నోడు నా వెనక నిలబడ్డాడు. పొట్ట వచ్చింది. చెయ్యి నా భుజం మీద వెయ్యబోయి, వెయ్యకుండా కుర్చీ వీపు మీద పెట్టాడు. నా భుజానికీ ఆ చేతికీ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంటుంది. వచ్చే నెల మళ్ళీ వస్తున్నాను కదా, అప్పుడు చూద్దాం.

ఇక మిగిలింది నేను. నీ చెయ్యి కదులుతూ వచ్చింది కాబట్టి మోచేతి దగ్గర పొగలా మొదలై, నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అయింది. వేళ్ళు అయిదూ స్పష్టంగా ఉన్నాయి. అవి అడ్డం వచ్చి నా మొహం సగమే కనిపిస్తోంది. కనిపించే సగం నవ్వడం లేదు. మిగతా సగం సంగతి నాకు తెలీదక్కా, నీ చెయ్యికే తెలియాలి.

పెద్దోడు